పలుకు ఒకటి, వ్రాత ఒకటి: ఒక స్కాటిష్ ఇంటిపేరు కథ

స్కాట్లండులో అరుదైన ఇంటిపేరొకటి కలదు. ఆంగ్లాక్షరములను బట్టి చదివిన "డాల్జియెల్" అగును. కాని పాత అలవాటు తెలిసినవారు దానిని "డీయెల్" అని పలుకుదురు. మరి ఆ 'జ' ఎక్కడ నుండి వచ్చినది?

ఇది మొదట ఒక స్థలము పేరు. మన ఇంటిపేర్లు అనేకము ఊళ్ళ నుండి వచ్చినట్లే, క్లైడ్ నది చెంత, మదర్‌వెల్ పట్టణము దగ్గరి భూమి పేరు ఈ వంశమునకు నిలిచినది. గేలిక్ భాషలో 'దాల్' అనగా బయలు, పచ్చిక నేల.

వంశమువారు వేరొక కథ చెప్పుకొందురు. పూర్వము ఒక రాజు బంధువును శత్రువులు ఉరితీయగా, శవమును తెచ్చువారెవరని రాజు అడిగెనట. ఒకడు "నేను తెగింతును" అనెనట. ఆ మాటయే వారి నినాదము. వారి కులచిహ్నముపై దిగంబర పురుషుని బొమ్మ కలదు. కథ ముచ్చటైనదే గాని, పేరు మాత్రము నేల నుండి వచ్చినది.

ఇక అక్షరము సంగతి. పాత స్కాట్ వ్రాతలో 'యోఖ్' అను అక్షరముండెను. అది 3 అంకెను పోలి, 'య'కు దగ్గరి ధ్వని నిచ్చెడిది. 1508లో ఎడింబరోలో అచ్చుపని మొదలైనది. అచ్చు పెట్టెలలో యోఖ్ లేనందున, రూపములో దానిని పోలిన 'జెడ్'ను పెట్టిరి. మన బండి 'ఱ' వలె యోఖ్ వాడుక తప్పినది, 'జెడ్' నిలిచిపోయినది. "మెన్జీస్" అని వ్రాసి "మింగిస్" అని పలుకుటయు ఇట్టిదే.

ఈ వంశములో ఒక శాఖకు 1639లో కార్న్‌వాత్ ఎర్ల్ పదవి లభించి, 1941లో అంతరించెను. బిన్స్ శాఖవారు 'జెడ్' విడిచి 'వై'తో వ్రాసుకొనిరి. 1681లో స్కాట్స్ గ్రేస్ అశ్వదళమును కూర్చిన సేనాని టామ్ ఆ ఇంటివాడే. 1962 నుండి 2005 వరకు బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్న టామ్ డీయెల్ కూడ ఆ ఇంటివాడే.

పాఠకులారా, ఇది మనకు పరాయి కథ కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బను చేరినది మొదలు, మన పెద్దల పేర్లు గుమాస్తాల చెవికి తోచినట్లు కాగితమెక్కినవి. నాయుడు "నైడూ" అయ్యెను. డీయెల్ వారి పలుకును కాపాడినది కాగితము కాదు, పెద్దల నోరు. మన ఇంటి పెద్దలుండగనే తాత పేరు ఎట్లు పలికెడివారో అడుగుడు. తెలుగు లిపిలో వ్రాసి, పిల్లలచేత పలికింపుడు.