చెరువు మట్టి, గొర్రెల మంద: దక్కన్ పల్లెల్లో భూసారం తిరిగిన దారి

తెలంగాణలోనూ రాయలసీమలోనూ మెట్ట సేద్యం సాగే భూముల్లో చాలా భాగం గ్రానైటు రాళ్లు యుగాల తరబడి శిథిలమై ఏర్పడిన ఎర్రనేలలే. తెలంగాణలో చెల్కలని పిలిచే ఈ నేలల్లో బంకమన్ను తక్కువ. ఆకూ అలమూ కుళ్లితే వచ్చే సేంద్రియ పదార్థం ఇంకా తక్కువ. అందుచేత పడిన వాన నేలలో ఎక్కువ రోజులు నిలవదు, గట్టిగా కురిస్తే పైపొరను కోసుకుంటూ వాగులోకి పోతుంది, దానితోపాటే పైరుకు ఆధారమైన నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా తరలిపోతాయి. అయినా బయటినుంచి ఒక్క బస్తా ఎరువు రాని శతాబ్దాల్లో ఈ నేలల మీద జొన్న, సజ్జ, కంది, ఆముదం పండుతూ వచ్చాయంటే, జారిపోయిన సారాన్ని తిరిగి పొలానికి చేర్చే ఏర్పాట్లు పల్లెల్లో ఉండబట్టే. వేసవిలో చెరువు మట్టి తోలడం, పంట కోసిన చేలో గొర్రెల మంద కట్టించడం ఆ ఏర్పాట్లలో ముఖ్యమైనవి.

ఈ ఆచారాల విలువ తెలియాలంటే ప్రాణుల మధ్య శక్తి నడిచే తీరుకూ, పదార్థం నడిచే తీరుకూ ఉన్న తేడాను ముందు గమనించాలి. పైరు మీద పడే ఎండలో సుమారు ఒక్క శాతమో, అంతకన్నా తక్కువో మాత్రమే ఆకుల్లో ఆహారంగా మారుతుంది. ఆ ఆకును మేసిన జంతువు ఒంట్లో అందులో దాదాపు పదో వంతే నిలుస్తుంది, మిగిలినది కదలికకూ ఊపిరికీ ఖర్చై వేడిగా గాలిలో కలుస్తుంది, లేదా విసర్జనగా బయటికి పోతుంది. ప్రాణులనూ వాటి పరిసరాలనూ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని చెబుతూ బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 1935లో ఆవరణ వ్యవస్థ అనే భావనను ప్రవేశపెట్టగా, అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న సరస్సును పరిశీలించిన రేమండ్ లిండెమన్ 1942లో ఈ శక్తి మెట్టుమెట్టుకూ తరిగిపోయే క్రమాన్ని లెక్కగట్టి చూపాడు. వేడిగా పోయిన శక్తి మళ్లీ రాదు, దాని లోటును సూర్యుడు రోజూ తీరుస్తాడు. కానీ భాస్వరం, పొటాష్ వంటి పదార్థాల విషయంలో అటువంటి దాత లేడు. వాన వాటిని పల్లానికి లాగుతూనే ఉంటుంది కనుక, ఎవరో ఒకరు మోసుకొచ్చి మళ్లీ మెరకకు చేర్చకపోతే పొలం ఏటేటా పేదదవుతుంది.

పల్లానికి పోయే ఆ సారాన్ని ఊరి పొలిమేర దాటకుండా ఆపినవి చెరువులు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, ఆయన సేనాని జగదల ముమ్మడి పాకాల చెరువును తవ్వించాడు; 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడి పక్కనే మరో సేనాని రేచర్ల రుద్రుని చెరువు ఉంది. నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం, వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేసి ఒక చెరువును కట్టిన సంగతి చెప్పడమే కాక, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ ఉండకూడని 6 దోషాలనూ వివరిస్తుంది. పెద్ద చెరువుల పేర్లు రాజులతో ముడిపడి ఉన్నా, వాటి చుట్టూ ఊరూరా వెలసిన చిన్న చెరువులూ కుంటలూ కలిస్తేనే గొలుసుకట్టు ఏర్పడింది: పై చెరువు నిండగానే అలుగు దూకిన నీరు కింది చెరువుకు చేరేది. నీటి కోసం కట్టిన ఈ వరుస పనిలో పనిగా జల్లెడలా పనిచేసి, ఒక చెరువు తప్పించుకున్న ఒండ్రును తర్వాతి చెరువులో నిలబెట్టింది.

చెరువులోకి వచ్చిన వరదనీరు నెమ్మదించగానే బరువైన ఇసుక వాగు కలిసే చోటే దిగిపోతుంది. సన్నని బంకమన్ను మాత్రం నీటిలో తేలుతూ లోపలిదాకా వచ్చి, కట్ట వైపు లోతైన భాగంలో మెల్లగా పేరుకుంటుంది. దానితోపాటు మెరక చేల పైపొర, అడవి ఆకు, బీళ్ల మీద పడిన పేడ, పెంటికలు వచ్చి చేరతాయి. నీటిలో పెరిగిన నాచూ తుంగా తామరా అక్కడే చచ్చి కుళ్లుతాయి. ఎండాకాలంలో శిఖం, అంటే చెరువు అడుగు నేల, బయటపడితే పశువులు అందులో మేసి తమ వంతు వదిలిపోతాయి. అడుగున ఆక్సిజన్ తక్కువ కావడంతో ఇదంతా పూర్తిగా కరిగిపోకుండా నల్లటి మట్టిగా మిగులుతుంది. బంకమన్ను రేణువుల ఉపరితలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం గల పొటాషియం, కాల్షియం, అమ్మోనియం అయాన్లు వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. ఇసుక పాలు ఎక్కువైన చెల్కకు ఈ మన్ను తగిలితే నీరూ నిలుస్తుంది, పోషకాలూ నిలుస్తాయి.

చెరువు ఎండే చైత్ర, వైశాఖ మాసాల్లో ఊళ్లో మరో సేద్యపు పని ఉండదు, ఎడ్లు ఖాళీగా ఉంటాయి. మట్టి తోలకం సరిగ్గా అప్పుడే జరిగేది. కట్టకు దెబ్బ తగలకుండా ఎడంగా, నెర్రెలు విచ్చిన అడుగును గడ్డపారలతో పెళ్లగించి, తడకలు కట్టిన బండ్లలో నింపి, చేలో వరుసగా కుప్పలు పోసేవారు. ఎండకు ఎండిన పెళ్లలు తొలకరి చినుకుకు పొడిపొడిగా విరిగిపోతే వాటిని చల్లి, నాగలి దున్ని, గుంటక తోలేవారు. ఒకసారి తోలిన మట్టి ప్రభావం కొన్నేళ్లు ఉంటుంది కనుక రైతులు తమ పొలాన్ని ముక్కలుగా పంచుకుని, ఏడాదికొక ముక్కకు తోలుకునేవారు. దీనివల్ల చేనికి సారం దక్కినట్టే చెరువుకు లోతూ దక్కేది. అయితే బండీ ఎడ్లూ ఉన్నవారికే ఈ మట్టి ఎక్కువగా అందిందనీ, లేనివారి చెల్కలు సన్నగిల్లుతూనే ఉండేవనీ మరవకూడదు.

రెండో దారి మంద. బంచరాయి (ఊరి ఉమ్మడి మేత భూమి), గుట్ట, బీడు, కోసిన చేల కొయ్యకాళ్లు ఇవన్నీ పగలంతా మేసిన గొర్రెలను గొల్ల, కురుమ కాపరులు రాత్రికి రైతు చేలో నిలిపేవారు. చుట్టూ తడకో ముళ్లకంపో వేసి, కుక్కలను కాపుంచి, ఒక రాత్రి నిలిపిన చోటును మర్నాడు పక్కకు జరుపుతూ పోతే కొన్ని రాత్రుల్లో చేనంతా పూర్తయ్యేది. దీనికి రైతు గింజలూ తిండీ ఇచ్చేవాడు, తర్వాతి కాలంలో రాత్రికింతని డబ్బు ఇచ్చేవాడు. మనుషులు తినలేని గడ్డిలో విస్తారంగా చెదిరివున్న నత్రజనిని గొర్రె కడుపులో మోసుకొచ్చి ఒక చిన్న చెక్కలో కుప్పపోయడమే మంద చేసిన పని. వ్యవసాయ పాఠ్యగ్రంథాల లెక్క ప్రకారం పశువుల ఎరువులో నత్రజని సగటున 0.5 శాతం ఉంటే, గొర్రె, మేకల ఎరువులో సుమారు 3 శాతం ఉంటుంది. పైగా మూత్రంలోని యూరియా నేరుగా ఆ మట్టిలోనే ఇంకుతుంది. ఎండకు అది అమ్మోనియా వాయువై లేచిపోకముందే పైపైన దున్నెయ్యాలన్న రైతు జాగ్రత్త వెనుక ఉన్న రసాయనం ఇదే.

ఈ చక్రంలో భాస్వరం స్థానం ఎంత కీలకమో తేల్చిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. 1929లో వీరిద్దరూ కండరాలనుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని వేరుచేశారు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. జొన్న మొక్కకైనా గొర్రెకైనా మనిషికైనా కణంలో శక్తి చేతులు మారేది మూడు ఫాస్ఫేట్ ముక్కలున్న ఈ అణువు ద్వారానే. శక్తి దాని గుండా ప్రవహించి వెళ్లిపోతుంది, భాస్వరం మాత్రం మిగిలి మళ్లీ పనికొస్తుంది. కాబట్టి చేనికి తిరిగి చేరని భాస్వరం, ఆ మేరకు ఎండను ఆహారంగా మార్చుకునే సామర్థ్యాన్నే తగ్గిస్తుంది.

బ్రిటిష్ పాలనా కాలంలో ఈ చక్రానికి గండ్లు పెద్దవయ్యాయి. 1889-90లో భారతదేశమంతా తిరిగి 1893లో నివేదిక వెలువరించిన వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్, పేడను పిడకలుగా కాల్చడానికి కారణం రైతు అజ్ఞానం కాదనీ, కట్టెల కొరత అనీ స్పష్టంగా రాసి, వంటచెరకుకూ పశుగ్రాసానికీ వనాలు పెంచాలని సూచించాడు. మరో గండి నూనెగింజల ఎగుమతి. నూనెలో ఉండేవి ప్రధానంగా కర్బనం, ఉదజని, ఆక్సిజన్. ఇవి గాలీ నీరూ ఇచ్చినవే కనుక నూనె అమ్మితే నేలకు నష్టం లేదు. నత్రజనీ భాస్వరమూ నిలిచేది నూనె తీయగా మిగిలే చెక్కలో. మద్రాసు ప్రెసిడెన్సీ వేరుశనగ గింజలు గింజలుగానే ఓడలెక్కి మార్సేయ్ గానుగలకు చేరినప్పుడు, నూనెతోపాటు ఇక్కడి పొలాల సారం కూడా సముద్రం దాటింది.

జర్మనీలో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1840లో మొక్కకు ఖనిజ పోషకాలే ప్రధానమని నిరూపించడానికి పూనుకున్నాక, 1913లో అక్కడి ఓపావ్‌లో హేబర్-బాష్ పద్ధతిలో గాలినుంచి అమ్మోనియా తయారుచేసే కర్మాగారం మొదలయ్యాక, సారాన్ని తిప్పితేవలసిన అవసరమే తీరిపోయిందనిపించింది. 1967లో విశాఖపట్నంలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1980లో రామగుండంలో బొగ్గు ఆధారంగా యూరియా తయారుచేసే కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించాయి. పంటలు పెరిగాయి, కరువు భయం తగ్గింది. ఆ మేలును కాదనలేం. అయితే రామగుండంలో నత్రజనిని బంధించిన శక్తి కోట్ల ఏళ్లనాటి అడవులు పట్టి ఉంచిన ఎండే. భాస్వరపు ఎరువుకు కావలసిన రాతి ఫాస్ఫేట్‌లో అత్యధిక భాగం నేటికీ దిగుమతి అవుతున్నదే. యూరియా నత్రజనిని ఇస్తుంది కానీ బంకమన్నును, సేంద్రియ పదార్థాన్ని ఇవ్వలేదు.

బస్తా దొరకడంతో బండి ఆగింది. బోరుబావులు వచ్చాక చెరువు మీద ఊరికి పట్టు సడలింది, పూడిక పెరిగింది. బంచరాయి భూములు పంపకాలకూ ఆక్రమణలకూ పోగా మందకు మేత తగ్గింది. 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్న లక్ష్యంతో 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో, యంత్రాలు తవ్విన పూడికను రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. ఆ మట్టి విలువ వారికి గుర్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ పూడిక ఒకసారి తీసేస్తే ముగిసే పని కాదు, ప్రతి వానాకాలమూ కొత్త ఒండ్రు తెస్తుంది. చెరువు మట్టి తోలకం ఏటేటా జరిగే ఊరి పనిగా మళ్లీ నిలబడాలి, అందులో బండిలేని చిన్న రైతుకు వాటా ఉండాలి, మిగిలివున్న మేత భూములు మేతకే ఉండాలి. వీటికి ప్రభుత్వాలు ఏటా నిధి కేటాయించడం, గ్రామ పంచాయతీలు బాధ్యత తీసుకోవడం ఇప్పుడు జరగవలసిన పని.