డైనమో నాటి మోటారుకారు

పాత కారు ఉదయమున కదలకున్నచో నింద మొదట బాటరీపై పడుట లోకరీతి. కొత్త బాటరీ కొని అమర్చుదురు. నెల తిరుగక మునుపే అదియు మూగవోవును. తప్పు తరచుగా బాటరీది కాదు, దానిని పోషింపవలసిన ఏర్పాటుది. ఆ ఏర్పాటు ఎట్లు పుట్టి ఎట్లు మారినదో తెలిసినచో దాని రోగము పట్టుట సులభమని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.

తొలి కార్లలో ఇంజనును చేతి హ్యాండిలుతో త్రిప్పెడివారు. ఇంజను ఎదురు తన్నినచో చేయి విరిగెడిది. 1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరును ప్రవేశపెట్టెను. ఆ బాధ తప్పినది. కాని బాటరీ ఖర్చు చేసినదానిని దారిలోనే తిరిగి నింపు భారము డైనమోపై పడినది.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. డైనమో వేగము ఇంజను వేగమును బట్టి మారును. బాటరీకి మాత్రము నిలకడ కావలెను. 1927లో వచ్చిన ఫోర్డు 'ఎ' నమూనా కారులో మూడవ బ్రష్షు అను ఉపాయముండెను. దానిని జరిపి కరెంటు మోతాదు నిర్ణయించెడివారు. బాటరీ నిండినదో వెలితిగా ఉన్నదో ఆ బ్రష్షుకు పట్టదు. పగటివేళ దూరప్రయాణము చేసినచో బాటరీలో నీరు తరిగిపోవును. రాత్రి దీపములు వెలిగించుకొని ఊరిలో నెమ్మదిగా తిరిగినచో బాటరీయే వట్టిపోవును. ఋతువును బట్టి బ్రష్షు జరుపుకొనుట ఆనాటి కారు యజమానుల విద్యలలో ఒకటి.

1930 దాటిన పిమ్మట రెగ్యులేటరు వ్యాపించినది. వోల్టులు మించగానే దానిలోని కంటాక్టులు విడివడి, ఫీల్డు చుట్టకు పోవు కరెంటును తగ్గించును. ప్రక్కనే కటౌటు. ఇంజను నెమ్మదించినపుడు బాటరీ విద్యుత్తు వెనుకకు డైనమోలోనికి పారకుండ మూసివేయు తలుపది. 1957లో ఆరంభమై 2014 వరకు తయారైన మన అంబాసిడరు తొలి బండ్లలో ఉన్నది ఈ ఏర్పాటే.

పరీక్షకు ఒక వోల్టుమీటరు చాలును. నిండిన 12 వోల్టుల బాటరీ, ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట, ఇంచుమించు 12.6 చూపును. ఇంజను మధ్యవేగమున నడుచునపుడు 14కు పైన, 14.5కు అటునిటు నిలువవలెను. రెండు వోల్టులైనను లేని ఈ ఇరుకులోనే కారు సంసారమంతయు జరుగును. 15 దాటినచో రెగ్యులేటరు ఎర్తు వదులైనదేమో చూడవలెను. 12.6 నుండి పైకి లేవనిచో, ముందు ఫాన్ బెల్టు చూచి, పిదప డైనమోను విడిగా ప్రశ్నింపవలెను.

బ్రిటిషు లూకాస్ డైనమోకు రెండు తీగలుండును. వానిని విప్పి, డి, ఎఫ్ అను టెర్మినళ్ళు రెంటిని ఒక తీగతో కలుపవలెను. మీటరు ఒక కొనను అచ్చట, రెండవ కొనను డైనమో ఒంటికి తగిలించి ఇంజనును మెల్లగా నడుపవలెను. ముల్లు చకచక పైకి పోయినచో డైనమో నిర్దోషి, 20కి చేరనీయరాదు. ముల్లు అసలు కదలకున్నచో బ్రష్షులు చూడవలెను. అర వోల్టు మొదలు ఒక వోల్టు వరకు చూపినచో ఫీల్డు చుట్టను, నాలుగైదు వోల్టుల వద్ద ఆగినచో ఆర్మేచరును శంకింపవలెను. రోగము తన పేరు తానే చెప్పుకొను ఇట్టి పరీక్ష మాకు ముచ్చట గొలుపును. అన్నట్లు, పాత బ్రిటిషు కార్లలో పెక్కింటికి ధనధ్రువమే ఎర్తు. మీటరు తీగలు తారుమారు చేయనిచో ముల్లు వెనుకకు పోవును.

1960లో క్రైస్లర్ వారి వాలియంట్ కారు ఆల్టర్నేటరుతో వచ్చినది. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడును అది బాటరీని నింపగలదు. పై పరీక్ష మాత్రము దానికి చెల్లదు. ఇంజను నడుచుచుండగా బాటరీ తీగ విప్పి చూచెడి పాత అలవాటును దానివద్ద చూపినచో లోపలి డయోడులు కాలిపోవును.