సర్వర్ మెమరీ పంపకం

ఒక పనికి ఎంత మెమరీ కేటాయించాలన్న లెక్క మొదట్లో పూర్తిగా ప్రోగ్రామరు నెత్తిన ఉండేది. 1950లలో కోర్ మెమరీ చిన్నది, ఖరీదు విపరీతం. ప్రోగ్రాము అందులో పట్టకపోతే ముక్కలు చేసి, ఒక ముక్క పని అయ్యాక అదే చోటికి అయస్కాంత డ్రమ్ము మీద దాచిన ఇంకో ముక్కను రప్పించేవారు. దీన్ని ఓవర్‌లే అనేవారు. అసలు లెక్క కంటే ఈ రాకపోకల ఏర్పాటే ఎక్కువ కాలం తినేది.

ఈ చాకిరీని యంత్రం మీదికి నెట్టిన కంప్యూటర్ అట్లాస్. టామ్ కిల్‌బర్న్ నాయకత్వంలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం, ఫెరాంటీ సంస్థ కలిసి తయారుచేసిన ఈ యంత్రం 1962 డిసెంబరులో ప్రారంభమైంది. దాని కోర్‌లో 16,384 పదాలు, డ్రమ్ముల మీద 98,304 పదాలు పట్టేవి. ప్రోగ్రాముకు మాత్రం ఈ రెండూ కలిపి ఒకే నిల్వగా కనిపించేవి. మెమరీ అంతా 512 పదాల పేజీలు. కావలసిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రమే డ్రమ్ము నుంచి తెచ్చుకునేది. దానికి చోటు చేయడానికి ఏ పేజీని సాగనంపాలో గత వాడకాన్ని బట్టి అదే తేల్చేది. వర్చువల్ మెమరీ పుట్టుక ఇదే.

ఐబీఎం ఆ దారికి ఆలస్యంగా వచ్చింది. సిస్టమ్ 360 మీద నడిచే ఎంవీటీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, తన పనికి ఎన్ని కిలోబైట్లు కావాలో ప్రోగ్రామరు జాబ్ కార్డు మీద రీజియన్ అని రాయాల్సి వచ్చేది. తక్కువ రాస్తే పని 80ఏ అనే కోడ్‌తో నడుమనే కూలేది. ఎక్కువ రాస్తే అంత చోటు ఖాళీ అయ్యేదాకా వరుసలో పడిగాపులు. సిస్టమ్ 370కి వర్చువల్ మెమరీని ఐబీఎం ప్రకటించింది 1972 ఆగస్టులో.

అప్పటికే దాని లోపం బయటపడింది. ఉన్న మెమరీకి మించి పనులను ఎక్కిస్తే ఒకదాని పేజీలను ఇంకొకటి తోసేస్తుంటే, యంత్రానికి పేజీలు మోయడంతోనే సరిపోతుంది. ఈ థ్రాషింగ్‌కు కారణాలను పీటర్ డెన్నింగ్ 1968లో విడమరిచాడు. ఒక ప్రోగ్రాము ఇటీవల ముట్టుకున్న పేజీల గుంపుకు వర్కింగ్ సెట్ అని పేరుపెట్టి, అది పట్టేంత చోటు లేనప్పుడు ఆ పనిని నడపకూడదన్నాడు. ఆ మాట తర్వాత నేరుగా సెట్టింగుగా మారింది: డెక్ సంస్థ వారి వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రతి యూజరు ఖాతాకూ వర్కింగ్ సెట్ కోటా ఒకటి రాసి ఉండేది.

ఇలా యంత్రం ఒక లెక్కను నెత్తికెత్తుకున్నప్పుడల్లా నిర్వాహకుడి చేతిలో కొత్త అంకె ఒకటి మిగిలింది. లినక్స్ సర్వర్లలో ఇది మరీ స్పష్టం. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌లో స్వాపీనెస్ అనే విలువ ఉంది, మామూలుగా 60. వాడని పేజీలను డిస్కుకు ఎంత తొందరగా తరిమెయ్యాలో చెప్పేది అదే. డేటాబేస్ సర్వర్లలో దాన్ని బాగా తగ్గించడం పరిపాటి. ఇక మెమరీ పూర్తిగా అయిపోతే కెర్నల్ మార్కులు వేసి, ఎక్కువ మార్కులొచ్చిన ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఎక్కువ మెమరీ వాడేదానికే ఎక్కువ మార్కులు కాబట్టి తరచూ డేటాబేసే బలి. దాన్ని కాపాడాలంటే సవరణ విలువగా −1000 ఇవ్వాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్వాహకులకు ఇంకో తంటా ఉండేది. షేర్డ్ బఫర్స్‌కు మెషీన్ మెమరీలో పావు వంతు ఇమ్మన్న సలహా విని, 16 జీబీ సర్వర్‌లో 4 జీబీ రాసి డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెడితే అది లేచేది కాదు. లినక్స్‌లో షేర్డ్ మెమరీ ముక్కకు గరిష్ఠ పరిమితి చాలాకాలం 32 ఎంబీయే. ముందు షమ్‌మ్యాక్స్ అనే కెర్నల్ విలువను పెంచాల్సి వచ్చేది. 2013లో వచ్చిన 9.3 వెర్షన్ మెమరీ తీసుకునే పద్ధతి మార్చాక ఈ పీడ చాలావరకు విరగడైంది.

కంటైనర్లు వచ్చాక పాత చిక్కు వేషం మార్చుకుంది. 64 జీబీ మెషీన్‌లో ఒక కంటైనర్‌కు 512 ఎంబీ పరిమితి పెట్టారనుకుందాం. లోపలి జావా ఆ గీతను గమనించక, మెషీన్ మొత్తాన్నీ చూసి, అందులో పావు వంతు, అంటే 16 జీబీ దాకా హీప్ పెంచుకోవచ్చనుకునేది. పరిమితి దాటగానే కెర్నల్ దాన్ని చంపేది. లాగ్‌లో జావా తాలూకు మెమరీ లోపమేదీ కనిపించేది కాదు, ప్రాసెస్ చడీచప్పుడు లేకుండా మాయమయ్యేది. 2018 మార్చిలో వచ్చిన జావా 10 నుంచి కంటైనర్ పరిమితినే లెక్కలోకి తీసుకోవడం మొదలైంది. ఆ మార్పును తర్వాత జావా 8కీ అందించారు.