కొండదారి, ఒక పాత పటం

యాభై ఆరేళ్ళ వయసులో గుర్రమెక్కుతానని నేనెన్నడూ అనుకోలేదు. బి.కాం. చదివి ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. నాకు తెలిసిన స్వారీ అంతా హోసూరు నుంచి చుట్టుపక్కల పల్లెలకు స్కూటరు మీద చేసిన స్వారీయే. కిందటేడు వేసవిలో కెనడాలోని కాల్గరీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, "నాన్నా, ఈసారి ఇంట్లో కూర్చుని మా కరెంటు బిల్లులు సరిచూడొద్దు" అని చెప్పి, రాకీ పర్వతాల్లో మూడు రోజుల గుర్రపు యాత్రకు నాతోపాటు తనకూ డబ్బు కట్టేసింది. కట్టిన డబ్బు వెనక్కి రాదని తెలిశాక వెళ్ళక తప్పలేదు.

బాన్ఫ్ పట్నం దగ్గర బయలుదేరాం. మేము పన్నెండుమందిమి. నాకిచ్చినది ముసలి ఎర్రగుర్రం. దాన్ని చూసి నాకూ, నన్ను చూసి దానికీ కొంత ధైర్యం కలిగినట్టుంది. గుర్రాల బాధ్యత చూసే అమ్మాయి జీను పట్టీ మరోసారి బిగించి, "కిందికి చూడకండి, గుర్రం చెవుల మధ్యనుంచి దారిని చూడండి" అంది. బౌ నది ఒడ్డునుంచి హీలీ వాగు పక్కగా, తర్వాత బ్రూస్టర్ వాగు వెంబడి పోతే సుమారు పది మైళ్ళకు దుంగలతో కట్టిన బస వస్తుంది. రెండోరోజు అక్కణ్ణుంచే పైకెక్కి తిరిగివచ్చాం, మూడోరోజు పట్నానికి దిగాం. వాగు దాటేటప్పుడు పగ్గాలు వదులుగా పట్టుకుంటే చాలు, ఎక్కడ కాలు మోపాలో గుర్రమే చూసుకుంటుంది. తొడలు వారం రోజులు నొప్పిపెట్టాయి. ఆ నొప్పి సంగతి చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

మొదటిరాత్రి బసలో నిద్ర పట్టక, అక్కడి అరలోని ఒక పాత పుస్తకం తీశాను. 1911లో అచ్చయిన మేరీ షాఫర్ యాత్రా గ్రంథం అది. కాల్గరీకి తిరిగివచ్చాక గ్రంథాలయంలో మరికొన్ని చదివాను. మేము హాయిగా నడిచిన దారి వెనుక ఒక పెద్ద ఖాతా ఉందని అప్పుడు తెలిసింది.

ముందు జమ వైపు చూద్దాం. కెనడాను ఈ తీరంనుంచి ఆ తీరందాకా కలపడానికి కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి ప్రభుత్వం 2 కోట్ల 50 లక్షల డాలర్లూ, 2 కోట్ల 50 లక్షల ఎకరాలూ ఇచ్చింది. 1885 నవంబరు 7న ఆఖరి మేకు కొట్టారు. దారి పూర్తయింది గానీ, ఆ కొండల్లో ఎక్కి దిగే ప్రయాణికులు కావాలి కదా! నిటారు గట్లమీద బరువైన భోజనపు పెట్టెలను ఈడ్చడం దండగని, కొండల మధ్యే భోజనశాలలు కట్టి వాటికి గదులు చేర్చారు. 1888లో బాన్ఫ్‌లో పెద్ద హోటలు తెరిచారు. అంతకు ముందే, 1887లో, ఆ చుట్టుపక్కల భూమిని జాతీయవనంగా ప్రకటించారు. హోటల్లో దిగినవారిని లోపలి లోయలకు తీసుకుపోవడానికి గుర్రాలవాళ్ళు పుట్టుకొచ్చారు. 1924లో అదే రైల్వే ప్రచారాధికారి జాన్ మర్రీ గిబ్బన్ గుర్రపుదారి స్వారీదారుల సంఘం ఒకటి స్థాపించాడు. స్వారీ చేసిన మైళ్ళనుబట్టి సభ్యులకు బిళ్ళలిచ్చేవారు. సెలవు గడపడానికి రోజుల తరబడి గుర్రంమీద కొండల్లో తిరగడమనే ఆచారం ఆ ప్రాంతంలో అలా స్థిరపడింది. పెట్టుబడి, రాబడి రెండూ తెలిసినవాళ్ళు చేసిన పని.

మేరీ షాఫర్ అంతకంటే ముందుతరం మనిషి. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందినావిడ. 1903లో భర్త చనిపోయాక, ఆయన మొదలుపెట్టిన రాకీ పర్వతాల పూలమొక్కల పరిశోధనను పూర్తిచెయ్యడానికి ఏటా వచ్చేది. ఉత్తరాన ఎక్కడో ఒక పెద్ద సరస్సు ఉందని ఆమె విన్నది. 1907లో వేసవంతా వెతికినా దొరకలేదు. తిరిగివచ్చేటప్పుడు కూట్నీ మైదానంలో శాంసన్ బీవర్ అనే స్టోనీ నకోడా జాతి మనిషి కలిశాడు. ఆ సరస్సుకు అతను చిన్నతనంలో తండ్రి వెంట వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ పోలేదు. ఆమె అడిగితే ఒక కాగితంమీద కొండలూ, కనుమలూ, వాగులూ గీసిచ్చాడు. వాళ్ళ భాషలో ఆ సరస్సు పేరు చాబా ఇమ్నే, అంటే బీవర్ సరస్సు.

1908 జూన్‌లో మేరీ షాఫర్, ఆమె స్నేహితురాలు మేరీ ఆడమ్స్, దారిచూపేవాళ్ళు బిల్లీ వారెన్, సిడ్ అన్విన్, మరికొందరు కలిసి గుర్రాల బారుతో బయలుదేరారు. జీనుగుర్రాలు కాక పిండి, పప్పు, గుడారాలు మోసే గుర్రాలు వేరు. ఒక్కో గుర్రంమీద దాదాపు 150 పౌండ్ల బరువు వేసి, జారకుండా వజ్రాకారపు ముడి వేసి బిగించేవారు. నాలుగు వారాలు దాటాయి, సరస్సు జాడ లేదు. అందరూ నీరసించారు. అన్విన్ ఒంటరిగా ఒక శిఖరమెక్కి చూస్తే, కింద ఆ నీళ్ళు కనిపించాయి. జులై 8న దాన్ని చేరుకున్నారు. బాల్యంలో ఒక్కసారి చూసిన మనిషి గీసిన పటం దారి తప్పించలేదు.

ఇంతవరకూ అందరూ చెప్పే కథ. నన్ను ఆపేసింది ఆ సరస్సు పేరు. 1875లో రైలుదారి సర్వేకు వచ్చిన హెన్రీ మెక్లౌడ్ అక్కడిదాకా నడిచి, కాళ్ళు పుండ్లైపోయి, పుండుకాళ్ళ సరస్సు అన్న అర్థంలో పేరు పెట్టాడు. 1846లో ఒక క్రైస్తవ ఫాదరీ అక్కడి నదిని దాటలేక పడిన యాతన చూసి దానికి ఫ్రెంచి భాషలో దుష్టనది అని పేరు పెట్టాడంటారు. చివరకు ఆ నది పేరే సరస్సుకు నిలిచి, ఈనాటి పటాల్లో అది మలీన్ సరస్సు. వచ్చినవాళ్ళ కాళ్ళనొప్పీ, వాళ్ళ కోపమూ పేర్లయ్యాయి. తరతరాలుగా తెలిసినవాళ్ళు పెట్టుకున్న పేరు మాత్రం పుస్తకంలోనే మిగిలింది. మేరీ షాఫర్ కృతజ్ఞత మరిచిన మనిషి కాదు. అక్కడి రెండు శిఖరాలకు శాంసన్ పేరూ, అతని భార్య లీయా పేరూ పెట్టించింది. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఖర్చు వైపు రాయాల్సినవి ఇంకా ఉన్నాయి. 1877లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న జాతుల్లో స్టోనీలు కూడా ఉన్నారు. కొండల్లో వేటాడుకునే హక్కు తమకుందని వాళ్ళ నమ్మకం. జాతీయవనం ఏర్పడ్డాక, వేటజంతువులు తగ్గిపోతున్నాయనీ, వీళ్ళు రిజర్వులో ఉండి సేద్యం నేర్చుకోవాలనీ చెప్పి, 1890 నుంచి సుమారు ముప్ఫై ఏళ్ళపాటు అధికారులు వాళ్ళను లోపలికి రాకుండా ఆపుతూ వచ్చారు. వినోదానికి వేటాడే దొరలకు జంతువులు మిగలాలన్నది కూడా అందులో ఒక కారణమని చరిత్రకారులు రాశారు. అదే కాలంలో ఏటా ఉత్సవమని పిలిపించి, వాళ్ళ దుస్తులతో, గుర్రాలతో బాన్ఫ్ వీధుల్లో ఊరేగించారు. హోటల్లో దిగినవారు బారులుతీరి చూసేవారు. సొంత అడవిలోకి రాకూడదు గానీ పట్నంలో వేషానికి రావచ్చు! శాంసన్ పటం గీసిచ్చిన కూట్నీ మైదానంలో కొంత భాగం, 1972లో కట్టిన ఆనకట్ట వల్ల నీళ్ళకింద పోయింది. నేను మూడు రోజులు తిరిగింది మనుషులెరుగని అడవి కాదు. మనుషుల్ని పంపేశాక ఖాళీగా కనిపించిన అడవి.

ఇదంతా మన పత్రికలో ఎందుకు రాస్తున్నానని పాఠకులు అడగవచ్చు. చరిత్రకారుణ్ణి కాని నేను, నా తప్పొకటి ఒప్పుకోవడానికి రాస్తున్నాను.

వ్యవసాయ రుణాలు చూసే రోజుల్లో ఒకసారి తనిఖీకి బాగలూరు వైపు ఒక పల్లెకు వెళ్ళాను. ఒక పెద్దాయన నన్ను పొలాల్లో తిప్పుతూ, "ఇది బావికాడ మడి సారూ, అది రేగుమాను చేను, ఆ మెరక గుర్రాలదిన్నె" అని చెప్పుకుపోయాడు. పట్టాలో ఉండేది సర్వే నంబరూ, ఉపవిభాగమూ మాత్రమే. నేను ఆ నంబర్లు సరిచూసుకుని, "పేర్లొద్దు పెద్దాయనా, నంబరు చెప్పు" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. రుణం మంజూరు చేశాను. దరఖాస్తులో తప్పేమీ లేదు.

గుర్రాలదిన్నె అనే పేరెందుకు వచ్చిందని నేను అడగలేదు. మా హోసూరు పక్కనే మత్తిగిరిలోని పశుక్షేత్రం, 19వ శతాబ్దంలో సైన్యానికి గుర్రాలు పెంచిన చోటు. అక్కడి గుర్రాలు ఈ మెరకమీదికి మేతకు వచ్చేవా? ఏ రావుతులైనా మజిలీ చేసేవారా? చెప్పగల పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవలు తమిళ బడిలో చదివి బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ పిల్లల తప్పేమీ లేదు. వాళ్ళకు ఆ మెరక ఒక నంబరుగానే చేతికి వచ్చింది. ఆ పేరును మాయం చెయ్యడానికి మన దగ్గర ఏ దొరా రానక్కర్లేకపోయింది. తెలుగువాణ్ణి, తెలుగులోనే అడిగి, నేనే కొట్టేశాను.

మేరీ షాఫర్ చేతిలో అధికారం లేదు, కాగితం ముక్క ఉంది. తెలిసిన మనిషిని అడిగింది, అతను చెప్పిన పేరును అతని భాషలోనే రాసుకుంది. అంతకంటే పెద్ద పని ఆమె ఏమీ చెయ్యలేదు. ఆ మాత్రం పని చెయ్యడానికి నాకు జీతంతోపాటు ప్రయాణపు బత్తెం కూడా ఇచ్చారు, నేను చెయ్యలేదు.

కాల్గరీనుంచి తిరిగి వచ్చిన నెలలో ఒక పొడుగు రిజిస్టరు కొన్నాను. ఆదివారాలు మళ్ళీ స్కూటరు తీస్తున్నాను. గీతలు గీసి మూడు గడులు చేశాను: పొలం పేరు, సర్వే నంబరు, పేరు వెనుక సంగతి. ఇప్పటికి నాలుగు పల్లెల్లో నూటపది పేర్లు ఎక్కాయి. మొదటి వరుసలో గుర్రాలదిన్నె ఉంది. దాని మూడో గడి ఖాళీగా ఉంది.