ఏడాదికి నెలరోజుల సిపాయిలు

పటాలం అన్న మాట మనకి కొత్తది కాదు. దొరల ‘బెటాలియన్’ తెలుగువాడి నోట్లో పడి అలా నలిగిందని పెద్దలంటారు. నలిగినా ఇంపుగానే ఉంది. అరడజను పిల్లలున్న ఇంటిని చూసి "అబ్బో, పటాలమే!" అనడం ఇప్పటికీ వింటూనే ఉంటాం.

వాళ్ళ మాట మనం తెచ్చుకున్నట్టే మన పేరు వాళ్ళూ పట్టుకుపోయారు. 1757లో ప్లాసీ యుద్ధానికి క్లైవు మద్రాసు నుంచి సిపాయిలను వెంటబెట్టుకు వెళ్ళాడు. దొర నేర్పిన కవాతు చేసే నల్లవాడిని బెంగాలువాళ్ళు మొదట చూసింది వీళ్ళలోనే. దాంతో అక్కడ సిపాయి అంటేనే ‘తిలంగా’ అయిపోయింది. నూరేళ్ళ తరవాత, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా ఊళ్ళోవాళ్ళు ‘తిలంగే’ అనే పిలిచారు. ఆ తిరగబడ్డవాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహారుల వాళ్ళు సుమండీ! పేరు మనది, తిరుగుబాటు వాళ్ళది.

ఇంత పేరు మోసిన తెలుగు సిపాయిని ఆ తరవాత దొరలే పక్కన పెట్టారు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని, దక్షిణాదివాళ్ళు అందులో లేరని లార్డ్ రాబర్ట్స్ లాంటివాళ్ళు తేల్చేశారు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, 1920లలో మద్రాసు రెజిమెంటు రెగ్యులర్ పటాలాలు మొత్తం రద్దయిపోయాయి. ఇక మిగిలింది టెరిటోరియల్ పటాలాలే. అంటే ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఏడాదిలో కొన్నాళ్ళు మాత్రం కవాతు చేసే సిపాయిలన్నమాట. 1920 చట్టాలు తెల్లవాళ్ళకీ ఆంగ్లో ఇండియన్లకీ ఆగ్జిలరీ ఫోర్సు అని ఒకటి, మనవాళ్ళకి టెరిటోరియల్ ఫోర్సు అని వేరొకటి పెట్టాయి. వంటిల్లు ఒకటే, పంక్తులు మాత్రం రెండు. మద్రాసు పటాలం అన్న పేరు ఆరిపోకుండా కాపాడింది ఆ రెండో పంక్తి వాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక గాని రెగ్యులర్ రెజిమెంటును మళ్ళీ లేపలేదు.

స్వతంత్రం వచ్చాక 1948లో కొత్త చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాలు మూడింటిలోనూ వీళ్ళకి పిలుపులొచ్చాయి. పిలుపు రావడాన్ని వాళ్ళ భాషలో ‘ఎంబాడీ’ చెయ్యడం అంటారు. పని అయిపోగానే ‘డిసెంబాడీ’ చేస్తారు. మా పెద్దమ్మకి ఈ రెండో మాట వింటే ఒళ్ళు మండేది. "బతికున్న మనిషికి బాడీ తీసెయ్యడమేమిట్రా, అపశకునం!" అనేది.

పెద్దమ్మకి ఈ గొడవ ఎందుకంటే, మా పెదనాన్న కాజీపేట లోకోషెడ్‌లో ఫైర్‌మన్. దాంతోపాటు రైల్వే టెరిటోరియల్‌లో సిపాయి కూడా. రైల్వే పటాలాలకి తుపాకి కన్నా పారే ముఖ్యం. యుద్ధం వచ్చినా వరద వచ్చినా బండి ఆగకూడదు, అదీ వాళ్ళ పని. ఏడాదికి నెలరోజుల క్యాంపు. వెళ్ళేటప్పుడు పొట్టతో వెళ్ళి, వచ్చేటప్పుడు పొట్ట లేకుండా వచ్చేవాడు. మిగతా పదకొండు నెలలూ బొగ్గు వెయ్యడం, యూనియన్ చందా కట్టడం, మీటింగుల్లో జిందాబాద్‌లు కొట్టడం.

ఈ రెండు బతుకులూ ఒకదానికొకటి అడ్డం రానంతకాలం బాగానే గడిచింది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. పదిహేడు లక్షల మంది కార్మికులు. ఇంజను మీద పనిచేసేవాళ్ళకి ఎనిమిది గంటల డ్యూటీ, బోనసు వాళ్ళ కోరికల్లో ముఖ్యమైనవి. బొగ్గు ముందు గంటల తరబడి మాడే ఫైర్‌మన్‌కి అందులో అన్యాయం ఏం కనిపిస్తుంది? పెదనాన్నా చెయ్యెత్తినవాడే. ఇంతలో ఆయన పేర పిలుపొచ్చింది, యూనిఫారం వేసుకుని హాజరు కమ్మని. సమ్మె చేసిన కార్మికుడికి ఉద్యోగం పోవచ్చు. ఎంబాడీ అయిన సిపాయి రానంటే సైనిక చట్టం వర్తిస్తుంది, కోర్టు మార్షలే. సర్కారుకి మాత్రం ఇంతకన్నా వీలైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? పనీ తెలుసు, కాదనడానికీ లేదు.

ఆయన యూనిఫారం వేసుకున్నాడు. క్వార్టర్ల గేటు దగ్గర పక్కింటి ఫైర్‌మన్ ఎదురొచ్చి, "అన్నా, నువ్వు గూడ పోతున్నవా?" అని ఒక్కమాట అడిగాడట. పెదనాన్న జవాబు చెప్పలేదు. సమ్మె ఇరవై రోజులు నడిచి 27న ఆగిపోయింది. దేశమంతా వేలమంది జైళ్ళకి వెళ్ళారు. పక్కింటాయన ఉద్యోగం పోయింది. పెద్దమ్మ చీకటిపడ్డాక నాచేత వాళ్ళింటికి బియ్యం పంపేది. ఆవిడ మొదటిసారి తీసుకుంది. రెండోసారి సంచీ విప్పకుండానే, "వద్దన్నదని చెప్పు బిడ్డా" అని తిప్పి పంపింది.

1977లో జనతా ప్రభుత్వం వచ్చాక తీసేసినవాళ్ళని మళ్ళీ చేర్చుకున్నారు. ఆయనా వచ్చాడు. ఇద్దరూ మళ్ళీ ఒకే షెడ్‌లో పనిచేశారు. డ్యూటీకి కావలసినంత మాట్లాడుకునేవాళ్ళు. పండక్కి మాత్రం ఆ ఇంటి సకినాలు ఈ ఇంటికి రాలేదు.

టెరిటోరియల్ మీద పుస్తకాలు రాసేవాళ్ళు యుద్ధాల గురించి బాగానే రాస్తారు. సమ్మెల దగ్గరికొచ్చేసరికి ఒక వాక్యంలో దాటేస్తారు, "రైళ్ళు నడిపి సేవ చేశారు" అని. నడిపినవాడు ఇంటికొచ్చి ఎవరి పక్కన కూర్చుని టీ తాగాడో అందులో ఉండదు.

రైల్వే పటాలాలు జమాల్‌పూర్, ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, సికింద్రాబాదుల్లో మొత్తం ఆరుండేవి. ఇటీవలి సంవత్సరాల్లో రైల్వేశాఖ జమాల్‌పూర్‌ది ఒక్కటే ఉంచి మిగతావి ఎత్తెయ్యాలని నిర్ణయించింది. అస్సాం వైపు వెళ్ళే సిలిగురి దారికోసం ఆ ఒక్కటి. పెదనాన్న ఇప్పుడు లేడు. ఆయన ఆకుపచ్చ ట్రంకుపెట్టె మా ఇంట్లోనే ఉంది. మూతమీద తెల్లరంగుతో రాసిన నంబరు సగం చెరిగింది. అందులో పెద్దమ్మ చింతపండు పోసుకుంటోంది.