వ్యాకరణం కుదిరితే చాలా?

వందల ప్రోగ్రాం ఫైళ్ళలో వ్యాకరణం తప్పినవేవో కంప్యూటరే ఏరి ఇస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు, దీని వెనక ఓ చరిత్ర ఉంది.

1960 నాటి ఆల్గాల్ నివేదికలో భాష నియమాలను జాన్ బాకస్ పద్ధతిలో సూత్రాలుగా రాశారు. నియమం కాగితం మీదకి వచ్చాక, తప్పని తేల్చడానికి పెద్దల మాటతో పనిలేదు. 1965లో డొనాల్డ్ కనూత్ ఒక పద్ధతి చూపించాడు: ప్రోగ్రాంని ఎడమనుంచి కుడికి చదువుతూ, ఇక ఏం రాసినా సరికాదని తేలిన చోటే ఆగిపోవడం. ఇలా చదివే ప్రోగ్రామే పార్సర్. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన యాక్, నియమాలిస్తే పార్సర్‌ని తానే తయారుచేసి పెట్టేది.

2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చాక దీని విలువ బాగా తెలిసింది. పాత పైథాన్‌లో ప్రింట్ పక్కన బ్రాకెట్లు అక్కర్లేదు, కొత్తదానిలో తప్పనిసరి. కంపైల్‌ఆల్ అనే చిన్న సాధనానికి ఫోల్డర్ చూపిస్తే చాలు, ఫైళ్ళను నడపకుండానే ఏ ఫైల్లో ఏ లైను తప్పిందో చెప్పేస్తుంది.

మరి ఏ తప్పూ చూపకపోతే అంతా సవ్యమేనా? కాదంటాను నేను. 1ని 2తో భాగించమంటే పాత పైథాన్ 0 అంటుంది, కొత్తది 0.5 అంటుంది. రాసే తీరు రెండింటిలోనూ ఒక్కటే కాబట్టి పార్సర్ నోరెత్తదు. లెక్క మాత్రం మారిపోతుంది.

వ్యాకరణం కుదిరినంత మాత్రాన మాట నిజమైపోదు. ప్రోగ్రాం అయినా, శ్లోకమైనా, నిజమో కాదో విడిగా పరీక్షించి చూడాల్సిందే.