పాతబస్తీలో ఇళ్ల క్రయవిక్రయాలు

హైదరాబాదు పాతబస్తీలో ఒక ఇల్లు చేతులు మారినప్పుడు ఒకటి కంటే ఎక్కువ చట్టాలు వర్తిస్తాయి. అమ్మకానికి, రిజిస్ట్రేషనుకు అందరికీ ఒకే చట్టం ఉన్నది. వారసత్వానికి మాత్రం ఆ కుటుంబపు వ్యక్తిగత చట్టం వర్తిస్తుంది. వారసులు విదేశాలలో ఉంటే మరికొన్ని నిబంధనలు తోడవుతాయి.

చరిత్ర

నిజాం పాలనలో హైదరాబాదు సంస్థానానికి సొంత చట్టాలు, న్యాయస్థానాలు ఉండేవి. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కేంద్ర చట్టాలు క్రమంగా అమలులోకి వచ్చాయి. పాత దస్తావేజులు ఉర్దూలోను, తేదీలు ఫసలీ సంవత్సరాలలోను కనిపిస్తాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది.

అమ్మకం, రిజిస్ట్రేషను

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజు ద్వారానే అమ్మవలెను. నోటరీ కాగితం వలన యాజమాన్యం రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) పేరిట జరిగే అమ్మకాల వలన కూడా యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. అయితే రిజిస్ట్రేషను దస్తావేజును నమోదు చేస్తుందే గాని, అమ్మినవారి హక్కుకు పూచీ ఇవ్వదు. వక్ఫ్ ఆస్తిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు.

వారసుల వాటాలు

ముస్లిం వారసత్వ చట్టంలో యజమాని మరణించగానే వారసులకు నిర్దిష్ట వాటాలు సంక్రమిస్తాయి. ఉదాహరణకు సున్నీ కుటుంబంలో ఒకరు భార్యను, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణిస్తే భార్యకు 1/8, కుమారునికి 7/16, ఒక్కొక్క కుమార్తెకు 7/32 వంతు చెందుతాయి. కుమారుడు ఒక్కడే ఇల్లంతా అమ్మినా కొన్నవారికి దక్కేది అతని 7/16 వంతు మాత్రమే. మైనరు వాటాను తల్లి సహజ సంరక్షకురాలి హోదాలో అమ్మజాలదు. కోర్టు నియమించిన సంరక్షకులు కోర్టు అనుమతితో అమ్మవలసి ఉంటుంది. హిందూ ఉమ్మడి కుటుంబాలలో 2005 సవరణ కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు కల్పించినది.

హిబా

హిబా అనగా ముస్లిం చట్టం ప్రకారం చేసే దానం. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, ఆస్తి స్వాధీనం అనే మూడు అంశాలు ఉంటే నోటిమాటతోనే ఇది చెల్లుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో రిజిస్టరైన లావాదేవీలే నమోదై ఉంటాయి. కనుక ఈసీ శుభ్రంగా ఉన్నప్పటికీ ఇల్లు అంతకుముందే హిబాగా వేరొకరికి చెంది ఉండవచ్చును. వారసులందరినీ, ఇంట్లో నివసించేవారినీ విచారించుట అందుకే అవసరం.

విదేశాలలోని వారసులు

వారసుడు ఏ దేశంలో ఉన్నా పాతబస్తీ ఇంటి హక్కును నిర్ణయించేది భారతీయ చట్టమే. రాలేనివారు అక్కడి నోటరీ లేదా భారత కాన్సులు ఎదుట పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి పంపవచ్చును. అది భారతదేశం చేరిన 3 నెలలలోపు స్టాంపు సుంకం చెల్లించవలెను. వ్రాసినవారు మరణిస్తే సాధారణంగా ఆ అధికారం రద్దవుతుంది. పాకిస్తాన్ పౌరులు రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేనిదే ఇక్కడి స్థిరాస్తిని కొనుటకు గాని, బదిలీ చేయుటకు గాని వీలులేదు. ప్రవాస భారతీయుడు అమ్మినప్పుడు కొనుగోలుదారుడే ఆదాయపు పన్నును మినహాయించి ప్రభుత్వానికి జమచేయవలెను.

ఇవి కూడా చూడండి

పాతబస్తీ
వక్ఫ్
హిందూ వారసత్వ చట్టం, 1956